రెండొందల పన్నెండో లైను

మా అమ్మ అమావాస్యకి గుమ్మానికి నిమ్మకాయలు కడితే, మర్నాడు పొద్దున్నే వాటిని విప్పి షర్బత్ చేసుకుని తాగేసిన దాన్ని నేను. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు రక్తపరీక్ష చేయించమంటాను. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. దేవుడి మహిమ అని కూడా అనను, ఆ మాటంటే నాకు ఇంకా కోపమొస్తుంది. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే. మీకేమైనా అర్థమైతే నాకూ చెప్పండి.

నా పేరు పైడితల్లి. అందరూ పైడి అంటారు. మాది పార్వతీపురం. ఆసుపత్రులకీ కాలేజీలకీ ఫోన్ సిస్టమ్‌లు పెట్టడం నా పని. ‘దీనికి ఒకటి నొక్కండి, దానికి రెండు నొక్కండి’ అని మీ ప్రాణం తీసే గొంతు ఒకటుంటుంది కదా, దాని వెనకాల ఉండేది నాలాంటి వాళ్ళే. తిట్టుకోండి, నాకు అలవాటే.

ఆ పని ఎలా జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. అందులో ఒక ఫైలు. ఆ ఫైల్లో లైను తర్వాత లైను రాస్తాం: ఈ నంబరుకి రింగ్ చెయ్యి, ఎత్తకపోతే పావుగంట ఆగు, మళ్ళీ చెయ్యి, అప్పటికీ ఎత్తకపోతే వదిలెయ్యి. మెషిన్ ఆ లైన్లని మెట్లు దిగినట్టు ఒక్కొక్కటే చేసుకుంటూ పోతుంది. రాసింది చేస్తుంది, రాయనిది చచ్చినా చెయ్యదు.

లైను మొదట్లో సెమీకోలన్ పెడితే మాత్రం ఆ లైను మెషిన్‌కి లేనట్టే లెక్క. దాన్ని చదవదు, దాటేసి పోతుంది. అలాంటి లైన్లలో మేం మాకోసం నోట్స్ రాసుకుంటాం. మనుషులు చదువుకోవడానికన్నమాట. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి చాలు.

గూడెం కొత్తవీధి అవతల, కాఫీ తోటల మధ్య ఒక చిన్న ఆసుపత్రి ఉంది. పేరు చెప్పను. కొండ మీది ఊళ్ళ నుంచి నెలలు నిండిన ఆడవాళ్ళు ముందే వచ్చి అక్కడ ఒక పెద్ద గదిలో ఉంటారు, పురుడయ్యేదాకా. కానీ ఇంటి దగ్గర పిల్లలూ మేకలూ ఉన్నాయని మధ్యలో వెళ్ళిపోతుంటారు. అలా వెళ్ళిన వాళ్ళ ఊళ్ళకి రోజూ పొద్దున్న పదింటికి మెషినే ఫోన్ చేసి, బాగుంటే ఒకటి నొక్కండి, నొప్పులొస్తున్నా రక్తం పోతున్నా రెండు నొక్కండి అని అడగాలి. రెండు నొక్కితే నర్సు బల్ల మీద గంట మోగుతుంది, ఆసుపత్రి జీపు బయల్దేరుతుంది. అదీ నాకిచ్చిన పని.

ఆ ఊళ్ళలో ఇంటింటికీ ఫోన్లుండి లాభం లేదు, సిగ్నల్ ఎక్కడో ఒక్క చోటే తగుల్తుంది. అక్కడ ఒక గెడ పాతి, గుడ్డసంచీలో ఫోన్ వేలాడదీస్తారు. మోగితే ఆ దారిన పోయే వాళ్ళు ఎత్తి, కావలసిన మనిషిని పిలుస్తారు. నేను చేసే కాల్స్ అలాంటి సంచులకే.

మెషిన్‌లో వినిపించే గొంతు కూడా నాదే. టౌన్ల వాళ్ళ గొంతు మా వాళ్ళకి వేడుకలాగుంటాదని, నాదైతే ఈ వైపు యాసేనని, అక్కడి పెద్ద నర్సు మార్తమ్మ సిస్టరు నా చేతే చదివించింది. రెండే వాక్యాలు, అవీ తెలుగులో. అక్కడి వాళ్ళ ఇంటి భాష కువి. కువిలో మార్తమ్మ సిస్టరు గొంతు తర్వాత రికార్డు చేద్దాం అనుకున్నాం, అది కుదరలేదు. నాకు కువి ఒక్క ముక్క రాదు. అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

మార్తమ్మ సిస్టరుకి యాభై దాటాయి. ఆ కొండల్లోనే పుట్టింది. మంచి మనిషే గానీ, నా తల్లే, ఆ నోరు! నేను ఒక ఊరి నంబరు అడిగితే ఆ ఊరి పురాణమంతా చెప్పేది. “అలా కాదమ్మా పైడీ, ఇనుకో. సంత రోజు ఆ ఊర్లో ఎవులూ ఉండరు. ఈ ఊర్లో ఫోనెత్తే ముసలోడికి సెవుడు.” నాకు సెలవు లేదు, రెండు రోజుల్లో పని ముగించుకుని దిగిపోవాలి. ఆవిడ చెప్పినవన్నీ నిజంగా పెట్టాలంటే ఊరికో పది లైన్లు ఎక్కువ రాయాలి. అందుకని ఏం చేశానంటే, ఆవిడ చెప్తుంటే ఆవిడ కళ్ళముందే టకటకా టైప్ చేసేదాన్ని. అంతా నోట్సే. మొదట్లో సెమీకోలన్. ఆవిడేమో నేను మెషిన్‌కి చెప్తున్నాననుకుని సంబరపడేది. నేను ఆవిడ నోరు మూయించడానికి చేసిన పని అది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

సోంబారి అక్కడే పరిచయమైంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఊరు ఎర్రగుమ్మి, నాలుగైదు కొండల లోపల. రెండో కాన్పు. మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో తేలింది, రక్తం పోవడం మొదలైతే గంటల్లో ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కదలకుండా ఉండమంటే ఆ గుంట ఉండేది కాదు. నేను కూర్చున్న స్టోరు గదికొచ్చి, నా కుర్చీ పక్కన కింద కూర్చుని, తెర మీద తన ఊరి పేరు చూపించమనేది. చూపిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది.

రెండో రోజు పొద్దున సోంబారి ఏడుపు మొదలెట్టింది. పెద్ద పిల్లాడికి జ్వరమని కబురొచ్చిందట, ఒక్క వారం ఇంటికెళ్ళొస్తానంటుంది. మార్తమ్మ సిస్టరు ససేమిరా అంది. మధ్యలో నేను దూరాను. ఎందుకు దూరానో తెలుసా? నేను పెట్టిన సిస్టమ్ ఎంత గొప్పదో చూపించుకోవాలని.

“పంపండి సిస్టర్, రోజూ ఫోన్ వెళ్తుంది కదా” అన్నాను. సోంబారితో, “భయపడకు, మెషిన్ అనుకోకు, నేనే చేస్తున్నాననుకో. నా గొంతే వినపడుతుంది” అన్నాను.

ఆ మాట మీద పంపారు. నా మాట మీద.

ఆ మధ్యాహ్నమే మార్తమ్మ సిస్టరు ఎర్రగుమ్మి గురించి చెప్పింది. వానొస్తే ఆ వైపు టవరు పోతుందట. అప్పుడు ఎదురు కొండ మీది పాలబందకి చెప్పాలట. అక్కడ లచ్చన్న అని ఒకాయన ఉన్నాడు, కేకేస్తాడు. ఆ కొండల్లో కేక అంటే మనం వీధిలో అరవడం కాదు. లోయ అంచున నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, ముందు మనిషి పేరు మూడుసార్లు పిలిచి, ఒక్కో మాటనీ లాగి లాగి అంటారు. అవతల ఎవరో ఒకరు అందుకుని మళ్ళీ కేకేస్తారు. ఫోన్లు రాకముందు వాళ్ళకదే ఫోను. ఊరికొకళ్ళే ఉంటారట అలాంటి గొంతున్న వాళ్ళు.

“ఆయన నంబరు చెప్పండి” అన్నాను.

“ఆయనకి ఫోనేటమ్మా, లేదు. కొంటానంటన్నాడు” అంది.

ఫోన్ లేని మనిషికి మెషిన్‌తో ఎలా చేయించను? నాకు చిర్రెత్తుకొచ్చింది. మూడింటి బస్సు తప్పితే మర్నాటిదాకా దిక్కులేదు. ఈ లైను కొట్టి లేచిపోయాను:

; ఎర్రగుమ్మి: ఫోన్ అందకపోతే ఎదురు కొండ పాలబంద లచ్చన్నకి చెప్పాలి, కేకేస్తాడు. సంత రోజైతే పాలబంద వైపే దించమనాలి, అక్కడ సంత జీపుంటుంది. తర్వాత చూడాలి.

ఫైల్లో అది రెండొందల పన్నెండో లైను. పైన ఎర్రగుమ్మికి మూడు మెట్లు మాత్రమే ఉన్నాయి: చెయ్యి, మళ్ళీ చెయ్యి, ఇంకోసారి చెయ్యి. నాలుగో మెట్టు లేదు. అందకపోతే వదిలెయ్యడమే.

బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

ఐదో రోజు సాయంత్రం మార్తమ్మ సిస్టరు ఫోన్ చేసింది. ముందు నాకు అర్థం కాలేదు. “నీ కడుపు సల్లగుండ, బతికించావమ్మా” అంటోంది.

జరిగిందిది. ఆ రోజు పాలబంద వైపు సంత. వేకువ నుంచి కొండల్లో వాన. సోంబారికి తెల్లారేసరికి రక్తం కనిపించింది. ఎర్రగుమ్మి టవరు అప్పటికే పోయింది, సంచీలో ఫోన్ ఉత్తదైపోయింది. ఇంట్లో వాళ్ళు వాన తగ్గాక ఎప్పుడూ వెళ్ళే దారినే మోసుకెళ్దామని చూస్తున్నారు. ఆ దారిన రోడ్డు చేరాలంటే సగం రోజు పడుతుంది. అప్పుడు ఎదురు కొండ నుంచి లచ్చన్న కేక వినపడింది. సోంబారి పేరు మూడుసార్లు పిలిచాడట. ఎత్తుకొని ఇటువైపు దించండి, సంత జీపుని ఆపుతాను అన్నాడట. డోలీ కట్టి, వానలోనే వాగు దాటించి, గంటన్నరలో జీపెక్కించారు. ఆసుపత్రికొచ్చేసరికి మనిషి తెల్లగా పాలిపోయింది. డాక్టరమ్మ కడుపు కోసి బిడ్డని తీసింది. ఆడపిల్ల. ఇద్దరూ దక్కారు. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ ఉండేవాళ్ళు కాదంది.

“లచ్చన్నకి ఫోనొచ్చిందంటమ్మా, మన మిషన్ నుంచి” అంది మార్తమ్మ సిస్టరు.

నేను ఆఁ, ఊఁ అని పెట్టేశాను. ఆ కాల్ నేను పెట్టలేదు.

వెంటనే ఇంట్లోంచే నెట్‌లో ఆ కంప్యూటర్లోకి వెళ్ళి లాగ్ చూశాను. మెషిన్ తాను చేసిన ప్రతి పనీ టైముతో సహా రాసి ఉంచుతుంది. పది గంటలకి ఎర్రగుమ్మి, అందలేదు. పదింపావుకి అందలేదు. పదిన్నరకి అందలేదు. అక్కడితో ఆగిపోవాలి. కింద ఇంకో లైనుంది. పది ముప్పై ఒకటికి కాల్ వెళ్ళింది, అవతల ఎత్తారు, నిమిషం యాభై సెకన్లు. ఏ లైను చెప్తే చేసిందో కూడా లాగ్‌లో ఉంటుంది. రెండొందల పన్నెండు అని ఉంది.

ఫైలు తెరిచాను. ఎవరైనా మార్చారేమో అనుకున్నాను. మార్చిన తారీఖు నేను బస్సెక్కిన రోజుదే. నా దగ్గరున్న కాపీతో అక్షరం అక్షరం పోల్చాను. తేడా లేదు. సెమీకోలన్ అలాగే ఉంది. పోనీ మెషిన్ పిచ్చెక్కి ఆ లైనే చదివిందనుకుందాం. చదివి మాత్రం ఏం చేస్తుంది? అందులో నంబరే లేదు కదా! మా ఆఫీసులో నాతో పనిచేసే శీను చూసి, నువ్వే ఏదో పెట్టి మర్చిపోయుంటావ్ అన్నాడు. వాడి మీద అరిచేశాను. తర్వాత నాకే అనుమానమొచ్చి మళ్ళీ మొదట్నుంచీ చూసుకున్నాను.

ప్రతి కాలూ రికార్డవుతుంది, మన వైపు మాటలు ఒక ఫైల్లో, అవతలి వాళ్ళవి ఇంకో ఫైల్లో. మన వైపు ఫైలు పెట్టి విన్నాను. ఏమీ లేదు. చెవిలో నీళ్ళు పోయినప్పుడు ఉండే నిశ్శబ్దం. అవతలి వైపు ఒక పెద్దాయన గొంతు. కువిలో ఏదో అడుగుతాడు, ఆగుతాడు, ఆఁ అంటాడు, మళ్ళీ ఆగుతాడు. ఎవరో చెప్తుంటే వింటున్నట్టు. తర్వాత ఫోన్ పెట్టకుండానే కేక మొదలెట్టాడు. “సోంబారీ...” అని లాగి, మూడుసార్లు. చివర్లో, వాన చప్పుడు వెనకాల, చాలా దూరం నుంచి ఎవరో తిరిగి అందుకున్నారు. అక్కడితో అయిపోయింది.

సరిగ్గా ఆ టైముకి నేను ఒక కాలేజీ ఆఫీసులో టీ తాగుతున్నాను. వాళ్ళు బిస్కెట్లు కూడా పెట్టారు.

రెండు రోజులు నిద్రపట్టలేదు. మూడో రోజు సెలవు పెట్టి కొండెక్కాను. ముందు మార్తమ్మ సిస్టరునే అనుమానించాను, ఆవిడే ఎలాగో చేసి నాకు పేరు కట్టబెడుతోందని. ఆ టైముకి ఆవిడ ఇంకొకామెకి పురుడు పోస్తోంది. డాక్టరమ్మ పక్కనే ఉంది.

మర్నాడు ఆసుపత్రి ఉన్న ఊళ్ళో సంత. లచ్చన్న అడ్డాకుల కట్టలు అమ్ముకుని ఆసుపత్రికొచ్చాడు, సోంబారిని చూడ్డానికి. అరవై ఏళ్ళుంటాయి, బక్కమనిషి. నేనెవరో ఎవరూ ఇంకా చెప్పలేదు. ఎదురెళ్ళి, “నమస్కారం అండీ” అన్నాను.

ఆయన గబుక్కున తలెత్తి, ముఖమంతా నవ్వు చేసుకుని, కువిలో గడగడా మాట్లాడ్డం మొదలెట్టాడు. నేను తెల్లమొహం వేశాను. ఆయన నవ్వు ఆగిపోయింది. మార్తమ్మ సిస్టరు వైపు తిరిగి ఏదో అడిగాడు.

ఆవిడ నన్నొకలా చూసింది. “ఆ రోజు అంత బాగా మాటాడావు కదా, ఇయేల తెలుగేటి అంటన్నాడమ్మా” అంది.

ఆవిణ్ణి మధ్యలో పెట్టుకుని అన్నీ అడిగాను. ఆయన ఫోన్ కొన్నది నేను బస్సెక్కి పోయాక ఇక్కడ జరిగిన సంతలో. నంబరు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, ఆయనకే నోటికి రాదు. ఆ ఫోన్‌కి వచ్చిన మొదటి కాల్ అదే. ఆడమనిషి గొంతు, కువిలో, వాళ్ళ ఊరి యాసతో. ఇదే గొంతు, ఎక్కడున్నా పోల్చుకుంటానన్నాడు.

మార్తమ్మ సిస్టరుకి రికార్డింగ్ వినిపించాను, మాట మాటకీ అర్థం చెప్పమని. వింటూ చెప్పింది. ముందు “ఎవరు?” అన్నాడు. తర్వాత “ఏ సోంబారి? ఎర్రగుమ్మి సోంబారా?” ఆగి, “ఆఁ, జీపు ఇక్కడే ఉంది.” ఇంకోసారి ఆగి ఒక మాటన్నాడు. అక్కడ మార్తమ్మ సిస్టరు నోరు మూసుకుంది. ఈవిడ నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

“ఏమన్నాడు సిస్టర్?”

“ఏడవకమ్మా, కేకేత్తాను అన్నాడు.”

లచ్చన్నని అడిగాం. అవునన్నాడు. ఆ ఆడమనిషి మొదట్నుంచీ ఏడుస్తూనే చెప్పిందట. తప్పు నాదే, నేనే పంపించాను అన్నదట.

ఆ మాట నేను అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. నాలో నేను కూడా అనుకోలేదు.

వార్డులోకి వెళ్ళాను. సోంబారి ఇంకా నీరసంగానే ఉంది. నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నవ్వింది. పక్కన వాళ్ళత్త బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుంటకి పైడి అని పేరు పెడతారట. నాకు దుఃఖం ఆగలేదు. ఆ పేరు పెట్టించుకోవడం నావల్ల కాలేదు. చెప్పేశాను. ఆ ఫోన్ నేను చెయ్యలేదు, చెయ్యాల్సిన పని చెయ్యకుండా బస్సెక్కి పోయాను, మీ అదృష్టం బాగుండి బతికారు అని. మార్తమ్మ సిస్టరు కువిలోకి మార్చి చెప్పింది. తను ఆనందంగా చూస్తూ చెప్పినవన్నీ నేను గాలికొదిలేశానని ఆవిడకీ అప్పుడే తెలిసింది. ఆవిడ గొంతు మధ్యలో ఆగి ఆగి వచ్చింది.

సోంబారి అత్త అంతా విని, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, తెలుగులోనే అంది: “అయితే నీకన్నా నీ గొంతే నయం కదే గుంటా.”

అని పిల్లని నా చేతిలో పెట్టింది. పేరు మార్చలేదు.

సెలవు పెంచుకుని తొమ్మిది రోజులు అక్కడే ఉన్నాను. మార్తమ్మ సిస్టరు ముందు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత తనే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఒక్కో ఊరి పురాణం మళ్ళీ మొదట్నుంచీ చెప్పించుకున్నాను. ఫోన్ లేని చోట ఎవరికి చెప్తే ఎవరు కేకేస్తారో అన్నీ లైన్లుగా పెట్టాను, నంబర్లతో, నాలుగో మెట్టూ ఐదో మెట్టూ కూడా. ఒక్కొక్కటీ కాల్ చేసి చూసుకున్నాను. ముప్పై ఏడు నోట్స్ ఉన్నాయి. అన్నీ చెరిపేశాను.

ఆ రెండొందల పన్నెండో లైను ఒక్కటే చెరపలేదు. లచ్చన్న నంబరుతో ఎర్రగుమ్మికి సరైన మెట్టు పైనే పెట్టాను, ఇక ఆ నోట్‌తో పనిలేదు. కానీ అది చదివిందెవరో, నా గొంతుతో ఏడ్చిందెవరో నాకు ఇప్పటికీ తెలీదు. మళ్ళీ చదవాల్సొస్తుందేమో అని అలాగే ఉంచాను.

చివర్లో ఉన్న ‘తర్వాత చూడాలి’ మాత్రం తీసేశాను.